కార్పొరేట్ ప్రాక్సీ వెనుక నుంచి క్లౌడ్ సేవలకు కోడ్‌ను కలపడం: సమగ్ర మార్గదర్శి

ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని బ్రౌజర్‌లో క్లౌడ్ కన్సోల్ ఇట్టే తెరుచుకుంటుంది. అదే ల్యాప్‌టాప్‌లో, అదే ఖాతాతో నడిపిన పది వరుసల పైథాన్ స్క్రిప్ట్ మాత్రం టైమ్‌అవుట్‌తోనో సర్టిఫికెట్ లోపంతోనో ఆగిపోతుంది. బ్రౌజర్‌కు ప్రాక్సీ (సంస్థ నుంచి బయటికి వెళ్లే వెబ్ రాకపోకలు దాటే మధ్యవర్తి సర్వర్) చిరునామా, సంస్థ రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైన మూల సర్టిఫికెట్), ఉద్యోగి లాగిన్ ఈ మూడూ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి అడగకుండానే అందుతాయి. మనం రాసిన కోడ్‌కు ఇవి చాలాసార్లు ఒక్కటీ అందవు. ఏది అందుతుందో, ఏది అందదో భాషను బట్టి, లైబ్రరీని బట్టి, కొన్నిసార్లు వెర్షన్‌ను బట్టి మారుతుంది.

అందుకే కోడ్‌లో ఒక్క అక్షరం మార్చే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మన రిక్వెస్ట్‌ను తిప్పికొట్టింది ఎవరు? ప్రాక్సీయా, క్లౌడ్ సేవా, లేక మన ప్రోగ్రామే సర్టిఫికెట్‌ను నమ్మక వెనక్కి తగ్గిందా? ఇది తేలకుండా చేసే మార్పులు చీకట్లో తడుములాటే అవుతాయి. ఈ మార్గదర్శి ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది. వేరియబుళ్లు, కమాండ్లు, ఆప్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాలలోనే, అండర్‌స్కోర్లు ఉన్నచోట ఉన్నట్టే టైప్ చేయాలి.

ముందుగా: మధ్యలో ఏం జరుగుతోంది

సాదా హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అయితే క్లయింట్ పూర్తి యూఆర్ఎల్‌ను ప్రాక్సీకి అప్పగిస్తుంది. ప్రాక్సీ దాన్ని చదివి, గమ్యానికి తానే పంపి, జవాబు తెచ్చి ఇస్తుంది. క్లౌడ్ సేవలు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తాయి కనుక మనకు పనికొచ్చేది రెండో పద్ధతి. ఇందులో క్లయింట్ మొదట ప్రాక్సీకి ‘కనెక్ట్’ అనే రిక్వెస్ట్ పంపి, ఫలానా హోస్ట్‌కు ఫలానా పోర్టులో దారి తెరవమని అడుగుతుంది. సాధారణంగా ఆ పోర్టు 443. ప్రాక్సీ సమ్మతిస్తే 200 అని జవాబిస్తుంది; ఆ తరువాతే ఆ సొరంగం లోపల టీఎల్ఎస్ కరచాలనం (సర్టిఫికెట్ చూసుకుని, గుప్తంగా మాట్లాడుకోవడానికి రెండు వైపులా ఒప్పుకునే దశ), దాని లోపల అసలు రిక్వెస్ట్ మొదలవుతాయి.

ఈ క్రమం వల్ల రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, గమ్యం పేరును ఐపీ చిరునామాగా మార్చే పని ప్రాక్సీది, మనది కాదు. చాలా సంస్థల లోపలి డీఎన్ఎస్ సర్వర్లు బయటి పేర్లకు జవాబే ఇవ్వవు. అందువల్ల పేరుకు ఐపీని వెతికే ఎన్ఎస్‌లుకప్ కమాండ్ విఫలమైందని చూపించి నెట్‌వర్క్ లేదని వాదించడం కుదరదు; అది ప్రాక్సీ ఉన్నచోట మామూలు సంగతే. రెండవది, వైఫల్యం జరిగిన దశే దోషి ఎవరో చెబుతుంది. 200 రాకముందు ఆగితే ప్రాక్సీ, కరచాలనంలో ఆగితే సర్టిఫికెట్, ఆ తరువాత ఆగితే క్లౌడ్ సేవ లేదా రిక్వెస్ట్ లోపలికి తొంగిచూసే ప్రాక్సీ.

మొదటి మెట్టు: ప్రాక్సీ చిరునామాను కనుక్కోవడం

చిరునామా, పోర్టు నేరుగా ఇచ్చిన సంస్థలలో ఇది నిమిషం పని. విండోస్‌లో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగంలో ప్రాక్సీ పేజీ తెరిస్తే కనిపిస్తుంది. అక్కడ సర్వర్ పేరుకు బదులు ‘సెటప్ స్క్రిప్ట్’ అంటూ ఒక చిరునామా ఉంటే, మీ సంస్థ ప్యాక్ ఫైలును వాడుతోందని అర్థం. దాన్ని బ్రౌజర్‌లో తెరిచి దించుకుని నోట్‌ప్యాడ్‌లో చదవవచ్చు. అది ఒక చిన్న జావాస్క్రిప్ట్ ఫైలు. అందులో ‘ఫైండ్ ప్రాక్సీ ఫర్ యూఆర్ఎల్’ అనే ఫంక్షన్ ఒక్కో గమ్యానికి ఏ ప్రాక్సీ వాడాలో, వేటికి నేరుగా వెళ్లాలో చెబుతుంది. కమాండ్ లైన్ పనిముట్లు, క్లౌడ్ ఎస్‌డీకేలు (తమ సేవలను కోడ్ నుంచి వాడుకోవడానికి క్లౌడ్ సంస్థలిచ్చే లైబ్రరీలు) సాధారణంగా ఈ ఫైలును చదవవు కనుక, మీ క్లౌడ్ గమ్యానికి ఆ ఫంక్షన్ తిరిగి ఇచ్చే సర్వర్ పేరును, పోర్టును మీరే ఏరి తీసుకోవాలి. ఒకే ఫైలులో వేర్వేరు డొమైన్‌లకు వేర్వేరు ప్రాక్సీలు ఉండటం అరుదేమీ కాదు. మొదట కనబడినదాన్ని పట్టుకుపోకుండా షరతులను చివరిదాకా చదవండి. ‘డైరెక్ట్’ అని తిరిగి ఇచ్చే డొమైన్‌ల జాబితాను కూడా రాసుకోండి, అది తరువాత పనికొస్తుంది.

రెండవ మెట్టు: కోడ్ లేకుండా పరీక్షించడం

ఇక్కడ పెట్టే పది నిమిషాలు తరువాత రోజులను మిగులుస్తాయి. వెబ్ రిక్వెస్ట్‌లు పంపే కర్ల్ అనే కమాండ్‌కు హైఫన్ వి ఆప్షన్, హైఫన్ ఎక్స్ తరువాత ప్రాక్సీ చిరునామా, చివర క్లౌడ్ సేవ చిరునామా ఇచ్చి నడపండి (ఈ ఒంటి అక్షరపు ఆప్షన్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే). తెర మీద కనబడే వరుసలను పైనుంచి కిందికి చదవాలి. మొదట ప్రాక్సీ ఐపీకి కలిసినట్టు, ఆ తరువాత కనెక్ట్ రిక్వెస్ట్ పంపినట్టు, దానికి వచ్చిన జవాబు, ఆపై టీఎల్ఎస్ వివరాలు, సర్టిఫికెట్‌ను ఎవరు జారీ చేశారో చెప్పే ‘ఇష్యూయర్’ వరుస (విండోస్‌తో వచ్చే కర్ల్‌లో ఇది కనబడకపోవచ్చు), చివరగా అసలు జవాబు వరుసగా వస్తాయి. కర్ల్ ఆగిపోయినప్పుడు ఇచ్చే సంఖ్య కూడా సూటిగా మాట్లాడుతుంది. 5 వస్తే ప్రాక్సీ పేరే దొరకలేదు. 7 వస్తే దాని పోర్టు తెరుచుకోలేదు. 56తో పాటు 407 లేదా 403 కనబడితే కనెక్ట్ రిక్వెస్ట్‌ను ప్రాక్సీ తిరస్కరించింది. 60 వస్తే సర్టిఫికెట్ నమ్మకం కుదరలేదు. 6 వచ్చిందంటే గమ్యం పేరు కోసం కర్ల్ తానే వెతికిందన్నమాట, అంటే ప్రాక్సీ అమరిక అసలు అమలులోనే లేదు.

403 దగ్గర చాలామంది తడబడతారు, ఎందుకంటే అది ప్రాక్సీ నుంచీ రావచ్చు, క్లౌడ్ నుంచీ రావచ్చు. కర్ల్ దీనికి మంచి ఉపాయం ఇస్తుంది. హైఫన్ డబ్ల్యూ ఆప్షన్‌లో ‘హెచ్‌టీటీపీ_కనెక్ట్’, ‘హెచ్‌టీటీపీ_కోడ్’ అనే రెండు విలువలనూ అచ్చు వేయమంటే, మొదటిది ప్రాక్సీ ఇచ్చిన సంఖ్యను, రెండవది అసలు జవాబు సంఖ్యను చూపుతుంది. మొదటిది 403 అయితే మాట్లాడవలసింది నెట్‌వర్క్ బృందంతో. మొదటిది 200, రెండవది 403 అయితే జవాబు హెడర్లను చూడండి: అమెజాన్ సేవ నుంచి వచ్చినదానిలో ‘ఎక్స్-ఏఎంజెడ్-రిక్వెస్ట్-ఐడీ’, అజూర్ నుంచి వచ్చినదానిలో ‘ఎక్స్-ఎంఎస్-రిక్వెస్ట్-ఐడీ’ వంటివి ఉంటాయి. అవి కనబడితే మీ రిక్వెస్ట్ క్లౌడ్ గడప దాటింది. సమస్య ఖాతా అనుమతులది. అవి లేకుండా సంస్థ లోగోతో కూడిన హెచ్‌టీఎంఎల్ పేజీ వచ్చిందంటే, సొరంగం లోపల కూడా ప్రాక్సీ చూస్తోందని అర్థం.

ఒక హెచ్చరిక. విండోస్‌తో పాటు వచ్చే కర్ల్ సర్టిఫికెట్లను విండోస్ సొంత భాండాగారంలోనే వెతుకుతుంది, అందులో సంస్థ సర్టిఫికెట్ ఇప్పటికే ఉంటుంది. కాబట్టి అక్కడ కర్ల్ నెగ్గడం వల్ల దారి తెరిచి ఉందని రుజువవుతుందే గాని, మీ పైథాన్ లేదా జావా ప్రోగ్రామ్ కూడా నమ్ముతుందని రుజువు కాదు.

మూడవ మెట్టు: ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు

‘హెచ్‌టీటీపీ_ప్రాక్సీ’, ‘హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ’, ‘నో_ప్రాక్సీ’ అనే మూడు పేర్లను దశాబ్దాలుగా అందరూ వాడుతున్నా, వాటికి కచ్చితమైన ప్రమాణం ఏదీ లేదు. చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

మొదటి చిక్కు అక్షరాలది. కర్ల్ సాదా హెచ్‌టీటీపీ విషయంలో చిన్న అక్షరాల పేరును మాత్రమే గుర్తిస్తుంది. వెబ్ సర్వర్ నడిపే సీజీఐ స్క్రిప్ట్‌లలో బయటివారు పంపిన ‘ప్రాక్సీ’ హెడర్ పెద్ద అక్షరాల వేరియబుల్‌గా మారిపోయే ప్రమాదం ఉండటమే ఇందుకు కారణం. 2016లో ‘హెచ్‌టీటీపాక్సీ’ పేరుతో బయటపడిన లోపం ఇదే. గూగుల్ క్లౌడ్ లైబ్రరీలు చాలావరకు వాడే జీఆర్‌పీసీ అనే సంభాషణ పద్ధతి కూడా పైథాన్ వంటి భాషలలో చిన్న అక్షరాల పేర్లకోసమే చూస్తుంది. కనుక లినక్స్, మ్యాక్ యంత్రాలలో రెండు రూపాలనూ ఒకే విలువతో పెట్టడం మంచిది.

రెండవ చిక్కు విలువ మొదట్లో ఉంటుంది. ‘హెచ్‌టీటీపీఎస్_ప్రాక్సీ’ అనే పేరులోని ‘ఎస్’ గమ్యానికి సంబంధించినది, ప్రాక్సీకి కాదు. అంటే హెచ్‌టీటీపీఎస్ గమ్యాలకు ఈ ప్రాక్సీని వాడమని మాత్రమే దాని అర్థం. ప్రాక్సీతో మాట్లాడేది చాలా సంస్థలలో సాదా హెచ్‌టీటీపీలోనే కనుక విలువ ‘హెచ్‌టీటీపీ://’ తోనే మొదలవ్వాలి. అక్కడ ‘ఎస్’ చేరిస్తే ప్రోగ్రామ్ ప్రాక్సీతోనే టీఎల్ఎస్ కరచాలనానికి దిగుతుంది, ప్రాక్సీకి ఆ భాష అర్థం కాదు, చివరికి ‘రాంగ్ వెర్షన్ నంబర్’ అనే లోపం వస్తుంది. ఆ మాటలు చూసి టీఎల్ఎస్ వెర్షన్‌లను తిరగేస్తూ కూర్చునేవారు ఎందరో. సరిచేయవలసింది ఒక్క అక్షరం.

మూడవది పాస్‌వర్డ్. యూజర్ పేరు, పాస్‌వర్డ్‌లను చిరునామాలోనే పెట్టవలసి వస్తే ప్రత్యేక చిహ్నాలను శాతం గుర్తుతో మార్చి రాయాలి: @ బదులు %40, # బదులు %23, % బదులు %25, & బదులు %26. మార్చకుండా # వదిలేస్తే కొన్ని లైబ్రరీలు చిరునామా అక్కడితో ముగిసిందనుకుని, మీ యూజర్ పేరునే ప్రాక్సీ సర్వర్ పేరుగా తీసుకుంటాయి. లోపం సందేశంలో మీ లాగిన్ పేరుతో ఒక సర్వర్ దొరకలేదని కనబడిందంటే కారణం ఇదే. విండోస్ బ్యాచ్ ఫైలులో శాతం గుర్తుకు వేరే అర్థం ఉంది కనుక అక్కడ దాన్ని రెండుసార్లు రాయాలి. అయినా పాస్‌వర్డ్‌ను వేరియబుల్‌లో పెట్టడం నాకు ఇష్టం లేని పద్ధతి. అది లాగ్‌లలోకి, క్రాష్ నివేదికలలోకి జారిపోతుంది. పాస్‌వర్డ్ మారిన రోజున పాతదానితో పదే పదే ప్రయత్నించి మీ ఖాతాను లాక్ చేయించగలదు కూడా.

‘నో_ప్రాక్సీ’ని ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ సమయం తినేదీ అదే. ప్రాక్సీ గుండా వెళ్లకూడని గమ్యాలను కామాలతో వేరు చేసి ఇక్కడ రాస్తాం. లోకల్‌హోస్ట్, 127.0.0.1, సంస్థ లోపలి డొమైన్‌లు, ప్యాక్ ఫైలు ‘డైరెక్ట్’ అన్నవి తప్పనిసరి. వాటితో పాటు 169.254.169.254 కూడా ఉండాలి. క్లౌడ్ వర్చువల్ మెషీన్ తన గుర్తింపును, తాత్కాలిక తాళాలను అడిగి తెచ్చుకునే మెటాడేటా చిరునామా అది; అమెజాన్, అజూర్, గూగుల్ మూడూ దాన్నే వాడతాయి. గూగుల్ విషయంలో ‘మెటాడేటా.గూగుల్.ఇంటర్నల్’ అనే పేరును, అమెజాన్ కంటైనర్ సేవలో 169.254.170.2 ను కూడా చేర్చాలి. ఆ రిక్వెస్ట్ ప్రాక్సీకి వెళితే అక్కడ జవాబు ఇచ్చేవారే ఉండరు, మీకు మాత్రం ‘క్రెడెన్షియల్స్ దొరకలేదు’ అనే సందేశం వస్తుంది. అందులో ప్రాక్సీ ఊసే ఉండదు.

ఈ జాబితా రాసే తీరు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. గో భాష ఐపీ శ్రేణులను సీఐడీఆర్ రూపంలో (10.0.0.0/8 లాగా) అర్థం చేసుకుంటుంది. కర్ల్‌కు ఆ తెలివి 7.86 వెర్షన్‌తోనే వచ్చింది. నక్షత్రం గుర్తును డొమైన్ ముందు పెడితే చాలా పనిముట్లు పట్టించుకోవు. చుక్కతో మొదలుపెట్టి డొమైన్ పేరు రాయడం ఎక్కువచోట్ల చెల్లుతుంది. కామాల తరువాత ఖాళీలు వదలకపోవడం మేలు.

నాల్గవ మెట్టు: 407, అంటే ప్రాక్సీ మీరెవరని అడగడం

407 వచ్చినప్పుడు దానితో పాటు వచ్చే ‘ప్రాక్సీ-ఆథెంటికేట్’ హెడర్‌ను చదవాలి. అందులో ‘బేసిక్’ ఉంటే చిరునామాలోని యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిపోతాయి. ‘ఎన్‌టీఎల్ఎం’ లేదా ‘నెగోషియేట్’ (విండోస్ లాగిన్ లేదా కెర్బెరోస్ టికెట్‌తో గుర్తింపు చూపే పద్ధతులు) మాత్రమే ఉంటే బేసిక్ పద్ధతి చెల్లదు; పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ సహా చాలా క్లయింట్లకు ప్రాక్సీతో ఆ సంభాషణ చేయడం రాదు. ముందుగా కర్ల్‌కు ‘ప్రాక్సీ-నెగోషియేట్’ ఆప్షన్ ఇచ్చి, ప్రాక్సీ యూజర్ స్థానంలో ఒట్టి కోలన్ పెట్టి పరీక్షించండి. విండోస్ లాగిన్ లేదా కెర్బెరోస్ టికెట్‌తోనే అది నెగ్గితే సమస్య మీ ప్రోగ్రామ్‌ది మాత్రమే.

దీనికి నాకు నచ్చిన పరిష్కారం యంత్రంలోనే ఒక చిన్న మధ్యవర్తిని నడపడం. పీఎక్స్, సీఎన్‌టీఎల్ఎం అనేవి ఇందుకే ఉన్నాయి. రెండూ మామూలుగా 3128 పోర్టులో వింటాయి. మీ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ ఏమీ లేకుండా 127.0.0.1కు కలుస్తుంది, అసలు ప్రాక్సీతో గుర్తింపు సంభాషణను మధ్యవర్తి చూసుకుంటుంది. పీఎక్స్ విండోస్‌లో లాగిన్ అయిన వ్యక్తి గుర్తింపునే వాడుకుంటుంది కనుక పాస్‌వర్డ్‌ను ఎక్కడా దాచనక్కరలేదు. ఇలాంటి పనిముట్లకు సంస్థ భద్రతా విధానం ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి. డాట్‌నెట్ వాడేవారికి ఈ శ్రమ లేదు: డిఫాల్ట్ ప్రాక్సీ క్రెడెన్షియల్స్‌గా ‘క్రెడెన్షియల్ క్యాష్’లోని డిఫాల్ట్ క్రెడెన్షియల్స్‌ను అప్పగిస్తే విండోస్ లాగిన్‌తో పని జరిగిపోతుంది. సర్వర్లలో నడిచే ప్రోగ్రామ్‌లకు మాత్రం వ్యక్తి ఖాతాలు పనికిరావు. సేవా ఖాతాను గానీ, ఆ సర్వర్ ఐపీకి గుర్తింపు అడగని మినహాయింపును గానీ కోరాలి.

ఐదవ మెట్టు: సర్టిఫికెట్

చాలా ప్రాక్సీలు సొరంగాన్ని ఊరికే వదిలేయవు. లోపలి విషయాన్ని తనిఖీ చేయడం కోసం, గమ్యం పేరుతో తామే అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ తయారుచేసి, సంస్థ సొంత రూట్‌తో సంతకం చేసి క్లయింట్‌కు చూపిస్తాయి. ఆ రూట్‌ను సంస్థ ముందే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నాటి ఉంచడం వల్ల బ్రౌజర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. తన జాబితాను తానే మోసుకు తిరిగే లైబ్రరీకి మాత్రం ఆ సంతకం ఎవరిదో తెలియదు, అందుకే ‘సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఇన్ సర్టిఫికెట్ చైన్’ అనో, ‘అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్’ అనో చెప్పి ఆగుతుంది.

తనిఖీ జరుగుతోందో లేదో ఊహించనక్కరలేదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ పనిముట్టులోని ‘ఎస్_క్లయింట్’ కమాండ్‌కు ‘ప్రాక్సీ’, ‘కనెక్ట్’, ‘షోసర్ట్స్’ ఆప్షన్లు ఇచ్చి నడిపితే సర్టిఫికెట్ల గొలుసు మొత్తం తెర మీదికి వస్తుంది. ఇష్యూయర్ వరుసలో అమెజాన్, డిజీసర్ట్, గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ వంటి పేర్లుంటే తనిఖీ లేదు. మీ సంస్థ పేరో, భద్రతా పరికరం పేరో కనబడితే ఉంది. ఆ గొలుసులోంచి సర్టిఫికెట్‌ను కోసి తీసి వాడుకోమని చెప్పే సలహాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, నేను మాత్రం ఒప్పుకోను. నమ్మకం నిరూపించుకోవలసిన సర్టిఫికెట్‌ను అదే దారిలో తెచ్చి నమ్మడంలో అర్థం లేదు. రూట్ సర్టిఫికెట్‌ను ఐటీ విభాగం నుంచి పీఈఎమ్ అనే టెక్స్ట్ ఫైలు రూపంలో అడిగి తీసుకోండి, లేదా సంస్థ నిర్వహించే యంత్రపు భాండాగారం నుంచి ఎగుమతి చేసుకోండి.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది భాషను బట్టి మారుతుంది, ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పైథాన్‌లో ‘రిక్వెస్ట్స్_సీఏ_బండిల్’, అమెజాన్ ఎస్‌డీకేలకు ‘ఏడబ్ల్యూఎస్_సీఏ_బండిల్’ వేరియబుళ్లు పాత జాబితాకు చేర్చవు, దాని స్థానంలోకి వస్తాయి. అందులో సంస్థ రూట్ ఒక్కటే పెడితే తనిఖీ జరిగే గమ్యాలు పనిచేసి, తనిఖీ నుంచి మినహాయించిన గమ్యాలు విరుగుతాయి. పైథాన్‌కు నమ్మకమైన రూట్‌ల జాబితాను అందించే సర్టిఫై ప్యాకేజీలోని ఫైలుకు నకలు తీసి, దాని చివర సంస్థ రూట్‌ను అతికించి, ఆ కొత్త ఫైలు దారిని వేరియబుల్‌కు ఇవ్వాలి. అజూర్ కమాండ్ లైన్ కూడా ‘రిక్వెస్ట్స్_సీఏ_బండిల్’నే చదువుతుంది. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్‌లోని ‘నోడ్_ఎక్స్‌ట్రా_సీఏ_సర్ట్స్’ ఇందుకు భిన్నంగా ఉన్న జాబితాకే చేర్చుతుంది, కనుక అక్కడ సంస్థ రూట్ ఒక్కటి చాలు. గూగుల్ కమాండ్ లైన్‌కు ‘కోర్/కస్టమ్_సీఏ_సర్ట్స్_ఫైల్’ అనే అమరిక ఉంది. జీఆర్‌పీసీ మళ్లీ వేరు. దానికి ‘జీఆర్‌పీసీ_డిఫాల్ట్_ఎస్ఎస్ఎల్_రూట్స్_ఫైల్_పాత్’ ఇవ్వాలి. జావాలో కీటూల్‌తో సర్టిఫికెట్‌ను దిగుమతి చేయాలి. జేడీకేతో వచ్చే అసలు సీఏసర్ట్స్ ఫైలును మార్చితే తరువాతి నవీకరణలో అది పోతుంది. నకలు తీసి అందులో చేర్చి, ‘ట్రస్ట్‌స్టోర్’ ప్రాపర్టీతో చూపించడం నిలకడైన పద్ధతి. గో, డాట్‌నెట్ ప్రోగ్రామ్‌లు ఆపరేటింగ్ సిస్టమ్ జాబితానే నమ్ముతాయి కనుక వాటికి సాధారణంగా ఏమీ చేయనక్కరలేదు.

ఇటీవల గాలి కూడా అటువైపే వీస్తోంది. పిప్ 24.2 నుంచి, పైథాన్ 3.10 లేదా ఆపై వెర్షన్‌తో నడిపితే, ఆపరేటింగ్ సిస్టమ్ భాండాగారాన్నే వాడుతుంది. మీ సొంత అప్లికేషన్‌లో ట్రస్ట్‌స్టోర్ అనే పైథాన్ ప్యాకేజీతో అదే సాధించవచ్చు. నోడ్ కొత్త వెర్షన్లలో ‘యూజ్-సిస్టమ్-సీఏ’ ఆప్షన్ వచ్చింది. మరోవైపు పైథాన్ 3.13 నుంచి డిఫాల్ట్ తనిఖీ కఠినమైంది: నిబంధనల ప్రకారం ఉండవలసిన భాగాలు లేకుండా ఎప్పుడో తయారుచేసిన సంస్థ రూట్‌లను అది నిరాకరిస్తుంది. పైథాన్ 3.12లో నడిచి 3.13లో ఆగిపోయిన స్క్రిప్ట్‌కు ఇదే కారణమై ఉండవచ్చు. అసలు మందు సంస్థ తన సర్టిఫికెట్‌ను సరిగ్గా తిరిగి జారీ చేయడమే.

‘వెరిఫై’ని ‘ఫాల్స్’ చేయడం, ‘నోడ్_టీఎల్ఎస్_రిజెక్ట్_అన్ఆథరైజ్డ్’కు సున్నా ఇవ్వడం అనేవి పరిష్కారాలు కావు. తాత్కాలికమంటూ పెట్టిన ఆ వరుస ఉత్పత్తి సర్వర్ దాకా చేరుతుంది. ఆ దారిలో వెళ్లేవి మీ క్లౌడ్ టోకెన్లు.

ఆరవ మెట్టు: భాష వారీగా ప్రాక్సీని చెప్పడం

పైథాన్‌లో రిక్వెస్ట్స్, అమెజాన్ ఎస్‌డీకే అయిన బోటో3 రెండూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను గౌరవిస్తాయి. ఒక్క క్లయింట్‌కే ప్రాక్సీ కావాలనుకుంటే బోటోకోర్ ‘కాన్ఫిగ్’ ఆబ్జెక్ట్‌కు ‘ప్రాక్సీస్’ అనే డిక్షనరీ ఇవ్వవచ్చు.

జావా ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను తనంతట తాను చూడదు. ‘హెచ్‌టీటీపీఎస్.ప్రాక్సీహోస్ట్’, ‘హెచ్‌టీటీపీఎస్.ప్రాక్సీపోర్ట్’ అనే సిస్టమ్ ప్రాపర్టీలు ఇవ్వాలి. మినహాయింపుల జాబితా ‘హెచ్‌టీటీపీ.నాన్‌ప్రాక్సీహోస్ట్స్’లో ఉంటుంది, అదే హెచ్‌టీటీపీఎస్‌కూ వర్తిస్తుంది. అక్కడ కామాలు కాదు, నిలువు గీతలు వాడాలి, నక్షత్రం గుర్తు చెల్లుతుంది. ప్రాక్సీ బేసిక్ గుర్తింపు అడిగితే ఇంకో అడ్డంకి ఉంది. 2016లో వచ్చిన 8యూ111 నవీకరణ నుంచి హెచ్‌టీటీపీఎస్ సొరంగానికి బేసిక్ పద్ధతిని జేడీకే నిలిపివేసింది. పాస్‌వర్డ్ సరైనదే అయినా 407 వస్తూనే ఉంటుంది. ‘జేడీకే.హెచ్‌టీటీపీ.ఆథ్.టన్నెలింగ్.డిజేబుల్డ్‌స్కీమ్స్’ ప్రాపర్టీని ఖాళీగా పెడితే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ ఎందుకు పనిచేయడం లేదని ఎంత తవ్వినా ఈ సంగతి బయటపడదు, ఎందుకంటే లోపం సందేశంలో దీని ప్రస్తావన లేదు.

నోడ్ చాలాకాలం ప్రాక్సీ వేరియబుళ్లను పట్టించుకోలేదు. 24వ వెర్షన్‌తో ‘నోడ్_యూజ్_ఎన్వ్_ప్రాక్సీ’కి 1 ఇచ్చి ఆ అలవాటు నేర్పవచ్చు, మొదట ఫెచ్‌కు, ఆ తరువాతి చిన్న నవీకరణలో హెచ్‌టీటీపీఎస్ మాడ్యూల్‌కూ ఇది వచ్చింది. పాత వెర్షన్లలో, అమెజాన్ జావాస్క్రిప్ట్ ఎస్‌డీకే మూడవ వెర్షన్‌తో పనిచేసేటప్పుడు, ప్రాక్సీ ఏజెంట్ ప్యాకేజీ ఒకటి తెచ్చుకుని దాన్ని రిక్వెస్ట్ హ్యాండ్లర్‌కు చేతికివ్వాలి.

గోలో డిఫాల్ట్ క్లయింట్ వేరియబుళ్లను చదువుతుంది. అయితే ఎవరైనా టైమ్‌అవుట్ మార్చడం కోసం కొత్త ట్రాన్స్‌పోర్ట్ నిర్మించి, అందులో ప్రాక్సీ ఫీల్డ్‌ను ఖాళీగా వదిలితే, ఆ క్లయింట్ ప్రాక్సీని పూర్తిగా మరిచిపోతుంది. డిఫాల్ట్ ట్రాన్స్‌పోర్ట్‌ను క్లోన్ చేసి మార్చుకోవడం సరైన దారి. గో ఆ వేరియబుళ్లను ఒకేసారి చదివి గుర్తుపెట్టుకుంటుంది కనుక ప్రోగ్రామ్ నడుస్తుండగా మార్చినా ఫలితం ఉండదు.

ఏడవ మెట్టు: ఏయే డొమైన్‌లు, ఏయే పోర్టులు

స్టోరేజీ డొమైన్‌కు అనుమతి తెచ్చుకుని, టోకెన్ ఇచ్చే డొమైన్‌ను మరిచిపోవడం తరచూ జరుగుతుంది. అజూర్‌కు ‘లాగిన్.మైక్రోసాఫ్ట్ఆన్‌లైన్.కామ్’, గూగుల్‌కు ‘ఓఆథ్2.గూగుల్ఏపీఐస్.కామ్’, అమెజాన్‌లో పాత్ర మార్చుకునే కోడ్‌కు తాత్కాలిక తాళాలు ఇచ్చే ఎస్‌టీఎస్ సేవకు ఆ రీజియన్‌లో ఉన్న చిరునామా కూడా తెరిచి ఉండాలి. జాబితాను ఊహించి రాయకుండా, ఎస్‌డీకే లాగ్‌ను డీబగ్ స్థాయికి పెంచి ఒకసారి ప్రాక్సీ లేని అనుమతించిన నెట్‌వర్క్‌లో నడిపితే అది తాకే ప్రతి హోస్ట్ పేరూ బయటికి వస్తుంది. సంస్థ ప్రైవేట్‌లింక్ వంటి ప్రైవేట్ మార్గాలు ఏర్పాటు చేసి ఉంటే ఆ పేర్లు ప్రాక్సీ గుండా వెళ్లకూడదు. అవి ‘నో_ప్రాక్సీ’లోకి చేరాలి.

హెచ్‌టీటీపీ కాని రాకపోకలకు ఈ వేరియబుళ్లు ఏమీ చేయలేవు. పోస్ట్‌గ్రెస్ 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్ 1433 పోర్టులలో మాట్లాడే క్లౌడ్ డేటాబేస్‌లకు వేరే ఫైర్‌వాల్ అనుమతి గానీ ప్రైవేట్ మార్గం గానీ కావాలి. స్క్విడ్ ప్రాక్సీతో వచ్చే మూల అమరికలోనే 443 తప్ప మిగతా పోర్టులకు సొరంగం నిషిద్ధం. కొన్ని సేవలకు మాత్రం పక్కదారి ఉంది. సందేశాలను చేరవేసే అజూర్ సర్వీస్ బస్ మామూలుగా ఏఎంక్యూపీ అనే ప్రోటోకాల్‌ను 5671 పోర్టులో వాడుతుంది, దాన్ని వెబ్‌సాకెట్ మీద 443కు మార్చవచ్చు. కాస్మోస్ డీబీ క్లయింట్‌ను డైరెక్ట్ పద్ధతి నుంచి గేట్‌వే పద్ధతికి మారిస్తే అదీ 443లోనే నడుస్తుంది. గూగుల్ పైథాన్ లైబ్రరీలలో చాలావాటికి ‘ట్రాన్స్‌పోర్ట్’ విలువగా ‘రెస్ట్’ ఇవ్వవచ్చు. తనిఖీ చేసే ప్రాక్సీకి హెచ్‌టీటీపీ/2 సరిగ్గా రానిచోట జీఆర్‌పీసీ వేలాడిపోతుంటే ఇదే సులభమైన విరుగుడు.

ఎనిమిదవ మెట్టు: సర్వర్లు, కంటైనర్లు

టెర్మినల్‌లో నడిచినది సర్వీసుగా నడవకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. సిస్టమ్‌డీ సర్వీసులు, క్రాన్ పనులు మీ షెల్ ప్రొఫైల్‌ను చదవవు. సుడో కూడా మామూలుగా వేరియబుళ్లను వదిలించుకుంటుంది. సర్వీస్ ఫైలులోనే ‘ఎన్విరాన్‌మెంట్‌ఫైల్’ వరుసతో వాటిని ఇవ్వాలి, ఆ ఫైలును చదివే హక్కు ఆ సర్వీసుకే ఉండాలి.

డాకర్‌లో మూడు వేర్వేరు చోట్ల ప్రాక్సీ కావాలి: ఇమేజ్‌లు దించుకునే డీమన్‌కు, ఇమేజ్ నిర్మించే దశకు, నడిచే కంటైనర్‌కు. మొదటిది సిస్టమ్‌డీ అమరికలో గానీ డీమన్ జేసన్ ఫైలులో గానీ పెడతారు. మిగతా రెండింటికీ క్లయింట్ కాన్ఫిగ్ ఫైలులోని ‘ప్రాక్సీస్’ భాగం సరిపోతుంది. డాకర్‌ఫైల్‌లో ‘ఎన్వ్’ వరుసగా ప్రాక్సీని రాయవద్దు, అది ఇమేజ్‌లో శాశ్వతంగా ఉండిపోయి ఎక్కడికి వెళితే అక్కడ తప్పుదారి పట్టిస్తుంది. కంటైనర్ లోపల 127.0.0.1 అంటే కంటైనరే, మీ యంత్రం కాదు. అక్కడినుంచి పీఎక్స్ వంటి మధ్యవర్తిని చేరాలంటే దానిని బయటి ఇంటర్‌ఫేస్‌లో వినేలా మార్చాలి. సంస్థ రూట్‌ను కూడా ఇమేజ్‌లోకి కాపీ చేసి, ఆ డిస్ట్రిబ్యూషన్‌కు తగిన సర్టిఫికెట్ నవీకరణ కమాండ్‌ను నిర్మాణ దశలోనే నడపాలి.

నెట్‌వర్క్ బృందానికి రాయవలసి వచ్చినప్పుడు

‘క్లౌడ్ పనిచేయడం లేదు’ అని రాసిన టికెట్ వారం తరువాత పరిష్కారం లేకుండానే తిరిగి వస్తుంది. దీన్ని పోల్చి చూడండి: “మూలం ఫలానా సర్వర్ ఐపీ; ప్రాక్సీ ఫలానా, పోర్టు 8080; గమ్యం ‘లాగిన్.మైక్రోసాఫ్ట్ఆన్‌లైన్.కామ్’, పోర్టు 443; ఫలానా సమయానికి కనెక్ట్ రిక్వెస్ట్‌కు ప్రాక్సీ నుంచి 403 వచ్చింది; అదే సమయంలో బ్లాబ్ స్టోరేజీ డొమైన్‌కు 200 వచ్చింది; సేవా ఖాతా ఫలానా; కర్ల్ లాగ్ జతచేశాం, అందులో ‘ప్రాక్సీ-ఆథరైజేషన్’ హెడర్‌ను తొలగించాం.” ప్రాక్సీ నిర్వాహకులు తమ లాగ్‌లో వెతకడానికి వాడేవి సరిగ్గా ఈ వివరాలే. తనిఖీ నుంచి మినహాయింపు కోరేటప్పుడు ఏ ప్రోగ్రామ్ సర్టిఫికెట్‌ను కోడ్‌లోనే బిగించుకుని ఉందో, లేదా జీఆర్‌పీసీ ఎందుకు తెగుతోందో కూడా రాయండి, ఎందుకంటే మొత్తం డొమైన్‌ను తనిఖీ నుంచి తప్పించే నిర్ణయం భద్రతా విభాగం సంతకంతోనే జరుగుతుంది.